‘ఎందుకలా తీశారు?’: వ్యాక్యూమ్, ఫోర్సెప్స్, సిజేరియన్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల నొప్పులు మొదలవడం గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే చాలావాటి అడుగున ఒకే మాట కనిపించింది: మామూలుగా పుట్టాల్సిన బిడ్డను ఎందుకలా తీశారు? కొందరు భయపడుతూ అడిగారు, కొందరు కోపంగా అడిగారు, ఒకావిడైతే నాలుగేళ్ల కిందటి కాన్పును ఇంకా మనసులోనే మోస్తూ అడిగారు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే. పేర్లు వద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి పది రోజుల కిందట మొదటి కాన్పు అయింది. చివర్లో బిడ్డ గుండె వేగం పడిపోతోందని వ్యాక్యూమ్ పెట్టి తీశారు. పుట్టినప్పుడు బాబు నడినెత్తిన చిన్న గిన్నె బోర్లించినట్టు వాపు ఉంది. అది రెండు రోజుల్లో పోయింది, కానీ ఇప్పుడు కుడిపక్క మెత్తగా ఇంకో బుడిపె వచ్చింది. తల పట్టుకుని లాగారు కదా, మెదడుకు ఏమన్నా అవుతుందేమోనని మా అందరికీ ఒకటే టెన్షన్.

జవాబు: మీరు చెప్పినవి రెండు వేరువేరు వాపులు. ముందు మొదటిది. వ్యాక్యూమ్ కప్పు అరచేతిలో పట్టేంత ఉంటుంది, దాన్ని బిడ్డ తలకు ఆనించి లోపలి గాలిని పంపుతో తీసేస్తారు. దాంతో తల మీది చర్మం కప్పులోకి కొద్దిగా పీల్చుకుని ఉబ్బుతుంది, పట్టు దొరికేది దానివల్లే. కప్పు తీశాక కనిపించే ఆ బోర్లించిన గిన్నె ఆకారం ఒకటి రెండు రోజుల్లో దానంతటదే దిగిపోతుంది. మీ మనవడికీ అదే జరిగింది.

రెండోది, ఇప్పుడు కనిపిస్తున్న బుడిపె, మీరు రాసిన లక్షణాలను బట్టి పుర్రె ఎముకకీ దాన్ని అంటిపెట్టుకుని ఉండే పలచని పొరకీ మధ్య చేరిన రక్తంలా ఉంది. ఇది పుట్టగానే తెలియకపోవచ్చు, ఒకటి రెండు రోజులకు గానీ పైకి కనిపించదు. ఒక ఎముక అంచు దాకా వచ్చి అక్కడ ఆగిపోతుంది, నడినెత్తి దాటి రెండో పక్కకు పాకదు. ఇది పుర్రెకు బయటే ఉంటుందమ్మా, మెదడు ఉండేది పుర్రె లోపల. కరగడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి రెండు మూడు నెలలు కూడా, మధ్యలో అంచులు గట్టిపడినట్టు తగిలినా కంగారు పడకండి. దాన్ని నొక్కడం, మర్దన చెయ్యడం, సూదితో తీయించడం మాత్రం వద్దే వద్దు. ఇంకొక్క సంగతి, అక్కడ చేరిన రక్తం విరిగే క్రమంలో కామెర్లు పెరగొచ్చు. అందుకని బాబు కళ్లు, ఒళ్లు పచ్చగా ఉన్నాయేమో వెలుతురులో చూస్తూ ఉండండి, పిల్లల డాక్టర్‌కి ఒకసారి ఆ బుడిపె చూపించండి.

మేము నిజంగా భయపడే వాపు ఇంకొకటి ఉంది. తల చర్మం కింద వదులుగా ఉండే పొరలో రక్తం కారితే అది ఎముకల అంచుల దగ్గర ఆగదు, తలంతా పాకి చెవుల మీదికీ మెడ వెనక్కీ దిగుతుంది, చెయ్యి పెడితే నీళ్ల సంచిలా కదులుతుంది, బిడ్డ పాలిపోతాడు. అది చాలా అరుదు, సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది. వ్యాక్యూమ్‌తో పుట్టిన బిడ్డ తలను నర్సులు మాటిమాటికీ తడిమి చూసేది ఇందుకే. పది రోజులు దాటి, బాబు చక్కగా పాలు తాగుతుంటే మీరు దాని గురించి ఆలోచించక్కర్లేదు. పాలు తాగడం మానేసినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఫిట్స్ లాంటివి కనిపించినా మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ‘లాగారు’ అనే మాట. ఆ మాట వింటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, కానీ అక్కడ జరిగేది వేరు. కప్పు ఎక్కడ పడితే అక్కడ పెట్టరు. తల వెనక ఉండే చిన్న మాడుకు సుమారు 3 సెంటీమీటర్లు ముందు, సరిగ్గా మధ్య గీత మీద పెడితే బిడ్డ గడ్డం ఛాతీకి ఆని తల అన్నిటికంటే చిన్న కొలతతో బయటికొస్తుంది. కప్పు అంచు చుట్టూ వేలు తిప్పి తల్లి కండ ఎక్కడా ఇరుక్కోలేదని చూసుకుంటాం. ఆ తర్వాత నొప్పి వచ్చేదాకా ఆగుతాం. నొప్పి వచ్చాక తల్లి ముక్కుతుంటే దానికి తోడుగా మేము లాగుతాం, నొప్పి ఆగితే మేమూ ఆగుతాం. ప్రతిసారీ తల కాస్తయినా కిందికి రావాలి. మూడు నొప్పులకు ప్రసవం దగ్గర పడాలి. కప్పు ‘టప్’మని ఊడిందంటే పెట్టిన చోటన్నా సరిగ్గా లేదు, తలన్నా రానంటోంది, రెండు మూడు సార్లు ఊడితే ఇక ఆ దారి వదిలేస్తాం. 32 వారాల లోపు బిడ్డకైతే వ్యాక్యూమ్ అసలు వాడకూడదు, అంత లేత తల దాన్ని తట్టుకోలేదు. మీ అమ్మాయి కూడా ఆ రోజు ముక్కే ఉంటుంది. బిడ్డను కన్నది తనే, కప్పు కాదు.

ప్రశ్న: నా భార్యకు పూర్తిగా దారి తెరుచుకున్నాక రెండున్నర గంటలు ముక్కింది. ఒంట్లో ఓపిక అయిపోయింది. చివరికి ఫోర్సెప్స్ (బిడ్డ తలను రెండు పక్కలా పట్టుకునే పటకార లాంటి సాధనం) వేసి పాపను తీశారు, ఎందుకో మాకెవరూ ముందు చెప్పలేదు. కింద కుట్లు చాలా పడ్డాయి, పాప చెంపల మీద ఎర్రటి గుర్తులు. అంత కష్టపెట్టే బదులు ముందే ఆపరేషన్ చేసి ఉండొచ్చు కదా? ఆ డాక్టర్ మీద నాకు కోపం పోవడం లేదు.

జవాబు: మీ కోపంలో రెండు ముక్కలున్నాయి, విడదీసి చూద్దాం.

మొదటిది, ఆపరేషన్ ఎందుకు చెయ్యలేదన్నది. ఇలాంటప్పుడు అన్నిటికంటే ముందు చూసేది తల ఎంత దిగింది అన్నదే. మేము చేత్తో చూసేది కూడా ప్రధానంగా అదే. తల పైనే ఆగి ఉంటే ఆపరేషనే దారి, అక్కడ ఫోర్సెప్స్ గానీ వ్యాక్యూమ్ గానీ ప్రయత్నించడం తప్పు. కానీ తల కటి ఎముకల మధ్యకు లోతుగా దిగిపోయాక పొట్ట కోస్తే బిడ్డ తల చేతికి అందదు. కింది నుంచి ఒకరు పైకి తొయ్యాలి, పైనుంచి ఇంకొకరు వేళ్లు దూర్చి ఎత్తాలి. అప్పటికే గర్భసంచి కింది భాగం సాగిపోయి పలచబడి ఉంటుంది, కోత పక్కలకు చీలి రక్తం బాగా పోయే అవకాశం ఎక్కువ. తర్వాతి కాన్పులో నెలలు నిండకుండా ప్రసవం అయ్యే అవకాశం కూడా కొంత పెరుగుతుంది. పైగా బిడ్డ గుండె ఇబ్బంది పడుతుంటే ఆపరేషన్ గదికి మార్చి, మత్తిచ్చి, పొట్ట కోసేదాకా పట్టే సమయం కంటే ఫోర్సెప్స్‌తో తియ్యడానికి పట్టే సమయం బాగా తక్కువ. ఆపరేషన్ అంటే తేలిక దారి, ఫోర్సెప్స్ అంటే మొరటు దారి అని బయట అందరూ అనుకుంటారు. ఆ దశలో చాలాసార్లు అది తిరగబడుతుంది.

అయితే ఫోర్సెప్స్ వెయ్యడానికి షరతులున్నాయి. గర్భసంచి ముఖద్వారం పూర్తిగా తెరుచుకోవాలి, ఉమ్మనీటి సంచి పగిలి ఉండాలి, బిడ్డ ముఖం ఎటు తిరిగి ఉందో కచ్చితంగా తెలియాలి, మూత్రసంచి ఖాళీ చెయ్యాలి, తల్లికి నొప్పి తెలియకుండా మత్తు ఉండాలి. ఇందులో ఒక్కటి లేకపోయినా వెయ్యకూడదు. రెండు రేకులు విడివిడిగా ఉంటాయి. ఎడమది ముందు, కుడిది తర్వాత, చేతి వేళ్లను తల్లి కండకు అడ్డంగా పెట్టి వాటి వెంబడి జారుస్తాం. రెండూ చెంపల పక్కన సరిగ్గా కూర్చుంటే పిడి దగ్గర తాళం దానంతటదే పడుతుంది. పడకపోతే బలవంతంగా నొక్కడం కాదు, తీసి మళ్లీ చూడాలి. పాప చెంపల మీది గుర్తులు ఆ రేకులు ఆనినవి, రెండు మూడు రోజుల్లో పోతాయి. అరుదుగా ముఖం నరం నొక్కుకుని ఏడ్చేటప్పుడు మూతి ఒక పక్కకు పోతుంది, అదీ చాలామందిలో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

వ్యాక్యూమ్‌తో పోలిస్తే ఫోర్సెప్స్‌తో పని జరిగే అవకాశం ఎక్కువ, కానీ తల్లికి చీలికలు ఎక్కువ. మలద్వారం కండ దాకా వెళ్లే చీలికలు కాన్పు మామూలుగా అయినప్పుడు, లేదా వ్యాక్యూమ్ పెట్టినప్పుడు నూటికి సుమారు నలుగురి లోపే. ఫోర్సెప్స్‌తో 8 నుంచి 12 మంది దాకా. చిన్న సంఖ్య కాదు కాబట్టే దీన్ని దాచకుండా ముందే చెప్పాలి.

అక్కడే మీ కోపంలో రెండో ముక్క ఉంది, అది న్యాయమైనది. మీకెవరూ చెప్పలేదు. ఒకటి రెండు నిమిషాలు చాలు, ‘తల బాగా దిగింది, పాప గుండె తగ్గుతోంది, పైనుంచి కోస్తే ప్రమాదం ఎక్కువ, ఫోర్సెప్స్ వేస్తాను, రాకపోతే ఆపరేషన్‌కి వెళ్దాం, సరేనా?’ అని అడగడానికి. ఎంత హడావిడిలో అయినా ఆ మాట తల్లి ముఖం చూసి చెప్పాలి. నా వృత్తిలో నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇదే, చేతి పని నేర్చుకున్నంత శ్రద్ధగా మేము ఆ రెండు వాక్యాలు చెప్పడం నేర్చుకోం. చరిత్ర కూడా అలాంటిదే. ఈ సాధనాన్ని ఇంగ్లండ్‌లో ఛాంబర్లెన్ అనే వైద్య కుటుంబం కనిపెట్టి వందేళ్లకు పైగా బయటికి పొక్కనివ్వలేదు, తరం నుంచి తరానికి ఇంటి రహస్యంగా దాచుకుంది. వాళ్ల పాత సాధనాలు 1813లో ఎసెక్స్‌లోని ఒక ఇంట్లో నేల చెక్కల కింద దొరికాయి. ఆ వందేళ్లలో ఎంతమంది తల్లులు, బిడ్డలు పోయారో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. చెప్పకపోవడం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. కాబట్టి మీరిద్దరూ కలిసి వెళ్లి ఆ డాక్టర్‌ని కూర్చోబెట్టి ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమనండి, అది అడిగే హక్కు మీకుంది.

ఈలోగా మీ భార్య సంగతి చూడండి. కుట్లు కరిగిపోయేవే. రోజూ శుభ్రమైన నీళ్లతో కడిగి మెత్తగా అద్ది ఆరబెట్టుకోవాలి, మలబద్ధకం రాకుండా డాక్టర్ రాసిన మందు మానకుండా వాడాలి. జ్వరం, దుర్వాసన, నొప్పి పెరగడం ఉంటే ఆలస్యం చెయ్యొద్దు. ఇలాంటి కాన్పు అయిన వెంటనే ఒక్క డోసు యాంటీబయాటిక్ ఇస్తే ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గుతాయని 2019లో బ్రిటన్‌లో చేసిన పెద్ద పరిశోధనలో తేలింది. ఇంకో మాట, ఇది తను బయటికి చెప్పలేకపోవచ్చు, మీరే అడగండి. గ్యాస్ గానీ మలం గానీ ఆపుకోలేకపోతుంటే అది ‘కాన్పు తర్వాత అంతేలే’ అని ఊరుకునేది కాదు, దానికి వైద్యం ఉంది, ఎంత త్వరగా చూపిస్తే అంత మంచిది.

ప్రశ్న: తొమ్మిదో నెల స్కాన్‌లో పేగు మెడకు ఒక చుట్టు ఉందన్నారు. ఇంట్లో వాళ్లు వెంటనే ఆపరేషన్ చేయించుకోమంటున్నారు.

జవాబు: అక్కర్లేదమ్మా. నలుగురైదుగురు పిల్లల్లో ఒకరు పేగు మెడలో వేసుకునే పుడతారు. బిడ్డ కడుపులో మెడతో ఊపిరి తీసుకోడు, పేగులోంచి వచ్చే రక్తంతోనే బతుకుతాడు కాబట్టి మెడకు చుట్టు ఉన్నంత మాత్రాన ఉరి పడినట్టు కాదు. తల బయటికి రాగానే వేలితో ఆ చుట్టును పైనుంచి తప్పించేస్తాం. కాన్పు సమయంలో గుండె వేగం గమనిస్తూ ఉంటారు, తేడా వస్తే అప్పుడు నిర్ణయం. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే మాత్రం పేగు ఉన్నా లేకపోయినా అదే రోజు వెళ్లి చూపించుకోండి.

ప్రశ్న: నా బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. పైనుంచి తిప్పడానికి ఒకసారి ప్రయత్నించారు, తిరగలేదు. వచ్చే వారం 39 నిండాక సిజేరియన్ పెట్టుకున్నారు. నాకు ఆపరేషన్ గది అంటేనే వణుకు. మెలకువగా ఉంచుతారట. అసలు లోపల ఏం జరుగుతుందో మొదటి నుంచి చివరిదాకా చెబుతారా?

జవాబు: చెబుతాను తల్లీ. ముందు ఒక మాట, పొట్ట మీది నుంచి బిడ్డను తిప్పే ప్రయత్నం దాదాపు సగం మందిలోనే ఫలిస్తుంది. తిరగకపోవడం మీ లోపం కాదు. 39 వారాలు నిండాక పెట్టడం కూడా మంచి పనే, అంతకంటే ముందు నొప్పులు రాకుండా కోసి తీస్తే బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు సరిగ్గా ఆరక ఊపిరికి ఆయాసపడే అవకాశం ఎక్కువ.

ఆపరేషన్‌కి ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్లు మాత్రం సాధారణంగా రెండు గంటల ముందు దాకా తాగనిస్తారు. లోపలికి వెళ్లాక గది చల్లగా ఉంటుంది, అది ముందే తెలిస్తే సగం వణుకు తగ్గుతుంది. మిమ్మల్ని కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి వీపు విల్లులా వంచమంటారు. నడుము దగ్గర చల్లటి మందు పూస్తారు, తర్వాత చిన్న సూది చురుక్కుమంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో పిరుదులు, కాళ్లు వెచ్చబడి బరువెక్కి, కదలమన్నా కదలవు. మందు పనిచేసిందో లేదో చల్లటిది ఏదైనా పొట్ట మీద ఆనించి చూస్తారు, చల్లదనం తెలియకపోతే సరిపోయినట్టు. అది చూసుకోకుండా ఎవరూ కత్తి పట్టరు, కాబట్టి ‘ఇంకా మత్తెక్కకముందే కోసేస్తారేమో’ అనే భయం వదిలెయ్యండి. మంచాన్ని కాస్త ఎడమకు వాలుస్తారు, ఎందుకంటే వెల్లకిలా పడుకుంటే నిండు గర్భసంచి పెద్ద రక్తనాళాన్ని నొక్కి బీపీ పడిపోతుంది. ఆ సమయంలో వికారంగా, తల తిరిగినట్టు అనిపిస్తే వెంటనే తల దగ్గర ఉన్న మత్తు డాక్టర్‌కి చెప్పండి, ఒక ఇంజెక్షన్‌తో నిమిషంలో సర్దుతారు. మూత్రానికి గొట్టం పెడతారు, ఇన్ఫెక్షన్ రాకుండా కోతకు ముందే యాంటీబయాటిక్ ఇస్తారు, ఛాతీ దగ్గర తెర కడతారు.

కోత పొత్తికడుపు కింద అడ్డంగా, లోదుస్తు పట్టీ దాచేసే చోట పడుతుంది. జర్మన్ డాక్టర్ ఫానెన్‌స్టీల్ 1900లో ఈ అడ్డకోత గురించి రాశారు, ఇప్పటికీ ఆయన పేరే. చర్మం, కొవ్వు, కండ మీది గట్టి పొర కోస్తారు. పొట్ట కండలను మాత్రం సాధారణంగా కొయ్యరు, మధ్యలో విడదీసి పక్కలకు జరుపుతారు. మూత్రసంచిని కిందికి జరిపి, గర్భసంచి కింది పలచటి భాగంలో అడ్డంగా తెరుస్తారు. నొప్పి తెలియదు గానీ లాగడం, నొక్కడం తెలుస్తాయి, పెద్ద సంచిలో ఎవరో చెయ్యి పెట్టి అడుగున పడిన తాళంచెవి కోసం వెతుకుతున్నట్టు ఉంటుంది. అది మామూలే. మీ పాప ఎదురుకాళ్లతో ఉంది కాబట్టి ముందు పిరుదులో కాళ్లో వస్తాయి, తర్వాత భుజాలు, చివర తల. కోత మొదలైన పది నిమిషాల లోపే సాధారణంగా బిడ్డ బయటికొస్తుంది, మిగతా అరగంటా ముప్పావుగంటా మాయ తీసి పొరలు కుట్టడానికే. తర్వాత పళ్లు టకటకలాడేలా వణుకు రావచ్చు, మందు ప్రభావమే అది, భయం వల్ల కాదు.

కుట్టడం అన్నాను కదా, దాని వెనక పెద్ద కథ ఉంది. సిజేరియన్ అంటే జూలియస్ సీజర్ అలా పుట్టాడని చాలామంది అంటారు, అది నమ్మదగ్గది కాదు, ఆయన తల్లి ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఆ రోజుల్లో కడుపు కోసేది తల్లి చనిపోయాకే. 19వ శతాబ్దంలో కూడా బతికుండగా కోసిన తల్లుల్లో ఎక్కువమంది దక్కేవాళ్లు కాదు, ఎందుకంటే గర్భసంచిని కుట్టకుండా వదిలేసేవాళ్లు, దానంతటదే ముడుచుకుంటుందని నమ్మకం. 1882లో మాక్స్ సేంగర్ అనే జర్మన్ డాక్టర్ దాన్ని జాగ్రత్తగా కుట్టాలని చూపించాకే దారి మారింది. రేపు మీ ఆపరేషన్‌లో ఎక్కువ సమయం ఆ కుట్ల మీదే పోతుంది, పోనివ్వండి.

పాప బాగుంటే అక్కడే మీ ఛాతీ మీద పెట్టమని ముందుగానే అడిగి ఉంచండి. పాలు కూడా మొదటి గంటలోనే పట్టొచ్చు, వెన్నులోకి ఇచ్చిన మత్తు పాలకు అడ్డు కాదు. కాళ్లు తిరిగి స్వాధీనంలోకి వచ్చాక లేపి నడిపిస్తారు. కుట్లు లాగుతాయి, తిట్టుకుంటారు, అయినా నడవాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఆ నాలుగు అడుగులే. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే చెప్పాలి. కోత చుట్టూ చర్మం మొద్దుబారినట్టు ఉండటం మాత్రం నెలల తరబడి ఉంటుంది, సన్నటి నరాలు తెగి మళ్లీ పెరిగేదాకా.

ప్రశ్న: వెన్నుకు ఇంజెక్షన్ ఇస్తే జీవితాంతం నడుము నొప్పి తప్పదంటారు. నిజమేనా?

జవాబు: కాదు. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉంటుంది, అంతే. బిడ్డను మోసినప్పుడు సాగిన కండరాలు, కీళ్లు, కాన్పయ్యాక గంటల తరబడి వంగి పాలివ్వడం, ఎత్తుకోవడం, వీటివల్లే నడుము నొప్పి. మామూలు కాన్పు అయినవాళ్లలోనూ అంతే మందికి వస్తుంది. వెన్ను మత్తు తర్వాత అసలు గమనించాల్సింది తలనొప్పి. కూర్చుంటే, నిలబడితే తల పగిలిపోతున్నట్టుండి, పడుకోగానే తగ్గిపోయే తలనొప్పి ఒకటి రెండు రోజుల్లో మొదలైతే అది సూది వల్ల వచ్చింది కావచ్చు, దానికి చక్కటి వైద్యం ఉంది, మత్తు డాక్టర్‌కి చెప్పండి.

ప్రశ్న: నొప్పులంటే భయం. కారణమేమీ లేకపోయినా నాకు ఆపరేషనే కావాలని అడగొచ్చా?

జవాబు: అడగొచ్చు. అడిగినందుకు మిమ్మల్ని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. కానీ నేనైతే ముందు మీ భయం దేని గురించో అడుగుతాను. నొప్పి గురించే అయితే నడుములో సన్నటి గొట్టం పెట్టి మందిచ్చే ఎపిడ్యూరల్ ఉంది, నొప్పులు వస్తాయి గానీ బాధ తగ్గిపోతుంది. ఎవరి కాన్పులోనో జరిగిన ఘోరం విని భయపడితే అది వేరే మాట, దాన్ని విప్పి మాట్లాడుకోవాలి.

ఆపరేషన్ వల్ల వచ్చే అసలు చిక్కు ఈ కాన్పులో కంటే తర్వాతి కాన్పుల్లో ఉంటుంది. పాత కోత ఉన్నచోట మాయ అతుక్కుని, గర్భసంచి గోడలోకి వేళ్లూనుకుంటే కాన్పప్పుడు రక్తం ధారగా పోతుంది, కొన్నిసార్లు గర్భసంచినే తీసెయ్యాల్సి వస్తుంది. అమెరికాలో 2006లో వచ్చిన పెద్ద పరిశీలన ప్రకారం, మాయ కింద అడ్డం పడిన తల్లుల్లో పాత ఆపరేషన్ ఒకటి ఉంటే నూటికి 11 మందిలో, రెండు ఉంటే 40 మందిలో ఇలా జరిగింది. మీకు ఒక్క బిడ్డ చాలనుకుంటే లెక్క వేరు, ముగ్గురు కావాలనుకుంటే లెక్క వేరు. మొత్తం జనాభాలో సిజేరియన్లు నూటికి 10 దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్టు కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అదే సంస్థ, ఏదో ఒక అంకె అందుకోవడం ముఖ్యం కాదు, అవసరమైన ప్రతి తల్లికీ ఆపరేషన్ అందాలి అని కూడా అంది. ఆ రెండో మాట ఎవరూ చెప్పరు, అందుకే గుర్తు చేస్తున్నాను. ఇవన్నీ విన్నాక కూడా మీకు ఆపరేషనే కావాలనిపిస్తే 39 వారాలు నిండనివ్వండి.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాక దారి 6 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయిందని సిజేరియన్ చేశారు. ‘మాకైతే ఇంట్లోనే అయిపోయేవి, నువ్వు ఓపిక పట్టలేకపోయావు’ అని మా అత్తయ్య ఇప్పటికీ అంటారు. నాకూ నేను ఓడిపోయినట్టే ఉంటుంది. ఇప్పుడు మళ్లీ ఐదో నెల. ఈసారైనా మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చా?

జవాబు: ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. పద్నాలుగు గంటలు నొప్పులు పడి, ఆ తర్వాత పొట్ట కోయించుకుని, కోత కుట్లతోనే లేచి బిడ్డకు పాలిచ్చిన మనిషికి ఓపిక లేదనడానికి ఎవరికీ నోరు రాకూడదు. ముఖద్వారం ఆగిపోవడం మనసు బలం మీద ఆధారపడదు. బిడ్డ తల కాస్త పక్కకు వాలినా, ముఖం పైకి తిరిగినా, నొప్పులు సరిపడా బలంగా లేకపోయినా అది ఆగుతుంది. మీ అత్తయ్య గారికి కూడా ఒకటి చెప్పండి, కోపంగా కాదు, మామూలుగానే: ఇంట్లో కాన్పులయ్యే రోజుల్లో దారి అలా ఆగిపోయిన తల్లులు ఏమయ్యారో వాళ్ల కథలు చెప్పడానికి వాళ్లు మిగల్లేదు.

ఇక ప్రయత్నించవచ్చా అంటే, మీరు చెప్పినదాన్ని బట్టి చాలావరకు అవును. ఒక సిజేరియన్ తర్వాత మామూలు కాన్పుకు ప్రయత్నించినవాళ్లలో నూటికి 72 నుంచి 75 మందికి అవుతుంది. అంతకుముందు ఒక్కసారైనా మామూలు కాన్పు అయినవాళ్లకైతే 85 పైనే. మీకు మొదటిసారి దారి ఆగిపోవడం వల్ల ఆపరేషన్ అయింది కాబట్టి అవకాశం ఆ సగటు కంటే కొంత తక్కువ ఉంటుంది, అయినా సగానికి పైనే. బిడ్డ ఎదురుకాళ్లతో ఉండటం వల్లో, గుండె తేడా వల్లో అయినవాళ్లకు ఇంకాస్త ఎక్కువ. నాలుగేళ్ల ఎడం ఉండటం మీకు అనుకూలం, కోత మానడానికి కావలసినంత సమయం దొరికింది.

భయపడాల్సింది పాత కోత విచ్చుకోవడం. నొప్పులు వాటంతటవే వచ్చినప్పుడు ఇది సుమారు 200 మందిలో ఒకరికి జరుగుతుంది. మందులతో నొప్పులు తెప్పిస్తే ఇంకా పెరుగుతుంది. జరిగితే తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి రాత్రీ పగలూ ఆపరేషన్‌కి, రక్తానికి సిద్ధంగా ఉండే ఆసుపత్రిలో, బిడ్డ గుండెను ఆపకుండా చూస్తూనే ఈ ప్రయత్నం చెయ్యాలి. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా కోత దగ్గర నొప్పి ఆగకుండా ఉన్నా, రక్తం కనిపించినా, ఉన్నట్టుండి నొప్పులు ఆగిపోయినా వెంటనే చెప్పాలి. మధ్యలో మళ్లీ ఆపరేషన్ అవసరం పడొచ్చు, దానికి ముందే మనసు సిద్ధం చేసుకోండి, అప్పుడు కూడా మీరు ఓడిపోయినట్టు కాదు.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. పోయినసారి ఆపరేషన్ కాగితాలు వెతకండి. డిశ్చార్జ్ కాగితం ఒక్కటే చాలదు, ఆపరేషన్ ఎలా చేశారో రాసిన పేజీ కావాలి. పొట్ట మీది మచ్చ అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచి మీద కూడా అడ్డంగానే కోసి ఉంటారని చెప్పలేం. కొన్ని సందర్భాల్లో పైభాగంలో నిలువుగా కోస్తారు, అదైతే మామూలు కాన్పుకు ప్రయత్నించకూడదు. కాగితం ఇంట్లో దొరక్కపోతే ఆ ఆసుపత్రికి వెళ్లి రికార్డుల గదిలో మీ పేరు, కాన్పు తేదీ చెప్పి నకలు అడగండి. ఐదో నెలే కదా, ఈ నెలలోనే అడగండి, దాన్ని చూశాక మీ డాక్టర్ మీతో కూర్చుని మాట్లాడతారు.